నిద్రపోయే ఏనుగులు

"బల్ల కాస్త ఖాళీ చేస్తావా, ఆకలేస్తోంది."

రోజుకు మూడుసార్లు వినబడే మాట. వినగానే ఆమె చేతులు వాటంతటవే కదులుతాయి. కుట్టుమిషను ప్లగ్గు పీకాలి, పిన్నులు ఏరి డబ్బాలో వేయాలి, కత్తెర పాపకు అందని చోట పెట్టాలి, గుడ్డలన్నీ దుప్పట్లో మూటకట్టి మంచం కిందికి తోయాలి. ఆ తర్వాత మిషనును రెండు చేతులా ఎత్తుకుని గోడవారకు చేర్చాలి. అది రెండో బిడ్డ, కాకపోతే ఈ బిడ్డ ఎప్పటికీ నడవదు. చివరికి బల్లంతా ఒక్క దారప్పోగు కనబడకుండా తుడవాలి, ఎందుకంటే కంచంలో దారం వచ్చిందా, ఆ కథ ఇంట్లో పదిరోజులు నడుస్తుంది. పావుగంటలో తిని లేచిపోయే వాళ్ల కోసం ఇంత సర్దుడు. వాళ్లు లేచాక మళ్లీ అన్నీ బల్లెక్కాలి.

ఇంతా చేసి ఆమెకు కుట్టుపని మీద విసుగు రాలేదు, అదే విచిత్రం. పాప కడుపులో ఉండగా రెండు చిన్న చొక్కాలు కుట్టుకుంది. వాటిని చూసి పక్కింటావిడ తన మనవడికి కావాలంది. ఆవిడ చెల్లెలు, ఆ చెల్లెలి తోటి ఉద్యోగులు, అలా నాలుగేళ్లలో కుట్టు ఒక పనైంది. ఇంట్లో మాత్రం దానికి పని అన్న పేరు రాలేదు. "మా ఆవిడా? ఇంట్లోనే ఉంటుంది. కాలక్షేపానికి ఏవో కుట్టుకుంటుంది" అంటాడు భర్త ఎవరడిగినా. అత్తగారిదీ ఇంచుమించు అదే పాట. "కూర్చుని చేసే పనేగా తల్లీ, ఒళ్లేం అలుస్తుంది?"

ఆమె కోరిక కూడా పెద్దదేం కాదు. ఎత్తక్కర్లేని మిషను, తుడవక్కర్లేని బల్ల. ఒకసారి నోరు విడిచి అడిగింది కూడా. "నాలుగు గుడ్డముక్కలకి వేరే బల్ల దేనికి? వేసే చోటు మాత్రం ఏది?" అన్నాడతను. చోటు లేని మాట నిజమే. ఉన్నవి రెండు గదులు, మనుషులు నలుగురు. అందుకే ఆమె మనసులో ఒకటి అనుకుంది. చెప్పుకోదగ్గ పని ఒక్కటి చేతికి రానీ, దాన్ని పూర్తిచేసి చూపిస్తాను, అప్పుడు ఈ బల్లే నాదంటాను.

ఆ పని రానే వచ్చింది. వీధి చివర నర్సరీ బడి హెడ్ మేడమ్ పిల్లలు రంగులేసుకునేటప్పుడు తొడుక్కోవడానికి ఇరవై కోట్లు కావాలన్నారు, శుక్రవారంలోగా. ముందువైపు గుండీలుంటాయి, చేతులుండవు. ఆమె నీలం గుడ్డ మీద నారింజరంగు ఏనుగులున్న తానును ఏరికోరి తెచ్చుకుంది. దుకాణంలో ఆ రకం అదే ఆఖరి తాను.

మంగళవారం పొద్దున కోతకు దిగింది. మామూలుగా అయితే గుడ్డను మధ్యకు మడిచి కోస్తే ముందుభాగానికి ఎడమ ముక్కా కుడి ముక్కా జంటగా వస్తాయి. ఆరోజు సగం బల్ల మీద అత్తగారు కూరలు తరుగుతున్నారు. అంత గుడ్డ మడిచి పరిచే చోటు లేదు. సరేలెమ్మని గుడ్డను పట్టీలుగా చించి, బొమ్మలు పైకి ఉండేలా దొంతరగా పేర్చి, అట్ట నమూనా పెట్టి కోసింది. ఎడమవి ఇరవై అయ్యాక అట్టను తిరగేసి కుడివి ఇరవై కోయాలి. సరిగ్గా తిరగేయబోయే సమయానికి లోపలి నుంచి కేక.

"నా బూడిదరంగు సాక్సులెక్కడున్నాయి?"

వెళ్లింది. అవి అతని కాళ్లకు బెత్తెడు దూరంలోనే ఉన్నాయి. తీసి చేతికిచ్చి వచ్చి, కత్తెర పట్టుకుని, మిగతా ఇరవై కోసేసింది. అట్ట తిరగేయలేదు.

సంగతి బుధవారం మధ్యాహ్నం బయటపడింది. మొదటి కోటుకు రెండు ముక్కలూ ఎదురెదురుగా పెడితే మెడ వంపులు రెండూ ఒకవైపే తిరిగి ఉన్నాయి. ఇంకో ముక్క తీసింది. ఇంకోటి. నలభై ముక్కలూ ఎడమవే. కుర్చీలో కూలబడిపోయింది. ఎవర్ని తిట్టాలో కూడా తోచలేదు. సాక్సుల్ని తిడితే బాగుండదు కదా.

"ఏమైందే?" అన్నారు అత్తగారు. ఆమె చెప్పింది. ఆవిడ ఒక ముక్క తీసి, అటూ ఇటూ తిప్పి, "కోస్తూ కోస్తూ లేచావా? మధ్యలో ఆగకూడదమ్మా కోతలో" అన్నారు. అన్న తర్వాత ఆవిడే తడబడ్డారు, చెప్పకూడనిది చెప్పినట్టు.

"మీకెలా తెలుసత్తయ్యా?"

"పెళ్లికి ముందు కుట్టేదాన్నిలే. ఇక్కడికొచ్చాక ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

ముప్పై అయిదేళ్లుగా చెప్పలేదా! ఆమె నోరు వెళ్లబెట్టింది. ఇంకా ఏదో అడగబోయేలోపు పాప వచ్చింది. నాలుగేళ్లది, ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు, ఒకచోట నిలవదు కాబట్టి. ఒక ముక్కను ఒంటికి చుట్టుకుంది. తిరగబడి చుట్టుకుంది. గుడ్డ వెనకవైపు రంగు వెలిసినట్టు, బొమ్మ లీలగా ఉంది.

"అమ్మా, ఈ ఏనుగులు బజ్జున్నాయి!"

"అది తిరగబడిందే. వెనకవైపది."

"కాదు. బజ్జున్నాయి. అరవకు."

ఆమె చూసింది. అవును మరి, ఎడమ ముక్కను తిరగేస్తే కుడి ముక్కే! ఒకపక్క నారింజరంగు ఏనుగులు కళ్లు తెరుచుకుని ఉన్నాయి. రెండోపక్క అవే ఏనుగులు, దీపం ఆర్పేసిన గదిలో పడుకున్నట్టు మసకగా. ఆమె లేచి పాపను ఎత్తుకుని గిరగిర తిప్పింది. అత్తగారు "పడేస్తావే దాన్ని" అని అరిచారు. అరిచి, కళ్లజోడు పెట్టుకుని, "గుండీలిలా పడెయ్" అన్నారు.

ఆ రెండు రోజులూ ఇల్లు ఇల్లులా లేదు. మిషను టకటకలాడుతోంది. పిచ్చుక బల్ల కింద కూర్చుని, ఏ కోటులో ఏ ఏనుగు గురకపెడుతోందో ఏకరువు పెడుతోంది. అత్తగారు కాజాల కుట్టు ఎలా ఉండాలో పాఠం చెబుతూ, ఆమె కుట్టిన రెండు కాజాలు విప్పించి మళ్లీ కుట్టించారు. ఇన్నేళ్లలో ఆవిడ మాటకు నవ్వు రావడం ఆమెకు అదే మొదటిసారి. ఎంత సంతోషంగా ఉందంటే, పూటపూటకీ బల్ల ఖాళీ చేయడం కూడా కష్టమనిపించలేదు. ఆఖరిసారి మాత్రం మిషను ఎత్తుతుంటే నడుము కలుక్కుమంది, అప్పుడు కష్టమనిపించింది.

శుక్రవారం పొద్దున కోట్లు బడికి చేరాయి, పిచ్చుక చెప్పిన నిద్రపోయే ఏనుగుల కథతో సహా. శనివారం మధ్యాహ్నం హెడ్ మేడమ్ స్వయంగా ఇంటికొచ్చారు. ఏదో తేడా వచ్చిందనుకుని ఆమె మిషను దగ్గర నుంచి లేచి నిలబడింది.

"ఏం చేశారండీ మీరు? అల్లరి చేసేవాడు కూడా, నిద్రపోయే ఏనుగులు లేస్తాయి అంటే చాలు, కూర్చుంటున్నాడు. పెద్ద పిల్లలు మాకూ కావాలని ఒకటే గోల. ఇంకో నలభై కుట్టాలి. ఈ ఆలోచన ఎలా వచ్చిందండీ మీకు?"

"తప్పు కోశానండీ" అంది ఆమె నిజాయితీగా. "దాన్ని మా అమ్మాయి సరిచేసింది. గుండీలు మా అత్తయ్యవి."

లోపల అత్తగారు చప్పుడు చేయకుండా పైట సర్దుకున్నారు.

సెలవు రోజు కావడంతో సోఫాలో ఉన్న భర్త ఉత్సాహంగా ముందుకు వంగాడు. "దానికేముందండీ, ఖాళీగానే ఉంటుంది. వారంలో ఇచ్చేస్తుంది."

మేడమ్ ఆమె వైపు చూశారు. ఆమె వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది.

"వారం కాదండీ. ఆ గుడ్డ మళ్లీ తెప్పించుకోవాలి, మొన్నటిలా మిగతావాళ్ల కుట్లు ఆపేసి కూర్చోలేను. రోజుకు మూడుసార్లు మిషను ఎత్తి దించితే నెల. ఎత్తకపోతే మూడు వారాలు. మూడు వారాలకు ఇస్తాను."

మేడమ్ సరేనని వెళ్లిపోయారు. ఆమె మళ్లీ మిషను ముందు కూర్చుంది. కాసేపటికి వంటింట్లోంచి అత్తగారు తన కంచం పట్టుకొచ్చారు. బల్ల వైపు చూశారు, కోడలి వైపు చూశారు, వెళ్లి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఒళ్లో పెట్టుకుని తినసాగారు. పిచ్చుక నానమ్మ కాళ్ల దగ్గర చేరి నోరు తెరిచింది.

భర్త కంచం పట్టుకుని బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. తర్వాత ఆమె సర్దడం మరిచిపోయిందేమో అన్నట్టు, మెల్లిగానే అడిగాడు.

"మరి నేనెక్కడ తినాలి?"

కోపంగా అడిగిన మాట కాదది. అతనికి నిజంగానే తెలియదు. ఈ ఇంట్లో ఏది ఎక్కడుంటుందో ఇన్నేళ్లుగా జవాబు చెబుతున్నది ఆమే. నాలుక చివరిదాకా వచ్చింది ఈ జవాబు కూడా. ఇది మాత్రం అతనే వెతుక్కోవచ్చనుకుని, ఆమె పెడల్ తొక్కింది.