బరకత్ ఊక

నవాబుపేట షాహజాది కోళ్ళ షెడ్డులో ఏనాడూ ఒక్క కోడి చావలేదు. కావాలంటే ప్రమాణం చేస్తాను. ఆ షెడ్డు గాలికి కోళ్ళే కాదు, మేత పోసే మనిషి కూడా వారం తిరిగేసరికి ఒళ్ళు చేసి చొక్కా గుండీలు తెంపుకునేవాడు.

అంత బరకతున్న షెడ్డు కనుక, చుట్టుపక్కల ఎవరు కొత్తగా కోళ్ళు పెట్టినా ఆమె దగ్గర కోళ్ళ కింద పరిచిన పాత ఊక గంపెడు అడిగి తీసుకుపోయేవారు. పిల్లలు దిగేముందు నేల మీద చల్లితే ఆ అదృష్టం తమకూ అంటుతుందని నమ్మకం. తాండూరులో చెల్లెలు తహసీన్ బండలు పరిచి షెడ్డు వేసుకుంటే, షాహజాదే బస్సులో గంప మోసుకెళ్ళింది.

కండక్టరు ముక్కు మూసుకున్నాడు. "గిదేందమ్మా, కోళ్ళకు గూడ టికెట్ కొట్టాల్నా?"

"కోళ్ళు లేవు బేటా, వాటి నసీబుంది. దానికి కొట్టు."

నెల తిరక్కుండానే తహసీన్ కోడిపిల్లలు రక్తపు రెట్టలు వేసి కుప్పలుగా చచ్చాయి. ఏ మందూ పనిచేయలేదు. అక్క ఫోను చేస్తే తహసీన్ ఎత్తడం మానేసింది.

కోళ్ళ రోగాల మీద పరిశోధన చేసే పూడూరు పిల్ల సింధుజ రెండు షెడ్ల రెట్టలూ డబ్బాల్లో పట్టుకుపోయింది. పేగుల్లో బతికే కంటికానని జీవి జన్యుక్రమమంతా చదువుతామంది.

"జాతకం లెక్కనా?" అంది షాహజాది.

"అసుంటిదే అక్కా. అది ఏ ఇంటిదో గూడ చెప్తది."

ఆ రోజు నుంచీ షాహజాదికి ఒకటే ఆశ. తన ఇంటిది కాకుంటే చాలు, చెల్లెలు మళ్ళీ ఆపా అని పిలుస్తుంది.

వానలు వెలిశాక సింధుజ వచ్చింది. "రెండు ఒకటే వంశం అక్కా. మీ షెడ్డులదే, ఊకల కలిసి ఆడికి పోయింది. ఉన్న మందులకు అది లొంగదు."

"నా కోళ్ళు చావలే గద?"

"నిజంగనే చావలేదా?"

షాహజాది తల దించుకుంది. చావలేదని ప్రమాణం చేశాను చూడండి, అదంతా కోత. చచ్చేవి. షెడ్డు పేరు పోతుందని, ఎవరూ లేవకముందే గుంట తీసి పూడ్చేది.

"ఇగ మందేంది బిడ్డా?"

"ఇంకా రాలేదక్కా."

"మరి గంత చదివి ఏం జేసిన్రు?"

సింధుజ ఖాళీ డబ్బాలు సంచిలో సర్దుకుంది.

షాహజాది తాండూరు పోయింది. కడిగి ఆరబెట్టిన ఖాళీ షెడ్డు ముందు నిలబడి, పూడ్చిన గుంట సంగతితో సహా అంతా చెప్పింది. తహసీన్ విని, చేతులు కడిగించి, "తిను ఆపా" అని పళ్ళెం ముందుకు జరిపింది.

ఆ పళ్ళెం నేను కల్పించిందే. తహసీన్ తలుపు తీయలేదు. షాహజాది చెప్పిందంతా మూసిన తలుపుకే చెప్పి, బస్సెక్కింది.