కుర్చీలు మారిన ఇంటర్వ్యూ

కాలేజీ సీట్లకి పిల్లల్ని తయారుచేసే ఆ కేంద్రానికి మేడమే పెద్ద దిక్కు. ఇంట్లో మొదటిసారిగా కాలేజీ గడప తొక్కబోయే పిల్లలే అక్కడికి వస్తారు. అసలు ఇంటర్వ్యూకి ముందు మేడం ఎదుట ఉత్తుత్తి ఇంటర్వ్యూ ఇవ్వాలి. ఆవిడ సరేనంటేనే కేంద్రం ఎవరినైనా పంపేది.

అందరినీ చకచకా పంపేసే మేడంకి, సాయంత్రాలు చిన్నవాళ్ళకి పాఠం చెప్పే టైలరు కూతురి దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని పట్టింపులూ వచ్చాయి. ఒకసారి గొంతు చిన్నదంది, ఇంకోసారి పెద్దదంది. నిన్నయితే నవ్వు ఎక్కువైందంది. అసలు ఇంటర్వ్యూ రేపే. నెగ్గినవాళ్ళని అక్కడే హాస్టల్లో చేర్చుకుంటారు.

"వదినా, ఆ పిల్లలో లోపాలు అయిపోయినట్టున్నాయి. నా దగ్గర బోలెడున్నాయి, కొన్ని ఇవ్వనా?" అన్నాడు అక్కడే లెక్కలు చెప్పే మరిది.

"నీ పని నువ్వు చూసుకో."

"ఆ పిల్ల వెళ్ళిపోతే చిన్నవాళ్ళకి పాఠం ఎవరు చెబుతారనేగా మీ బెంగ?"

బెంగ అదొక్కటే అయితే బాగుండును. ఏటా పిల్లలు వెళ్తారు, ఏటా ఆవిడ కొన్నాళ్ళపాటు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడదు. ఈ పిల్ల లేని సాయంత్రాలనైతే ముందే ఊహించుకుని, ముందే దిగులుపడుతోంది.

మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చింది. "మేడం, ఇవాళ మీరు ఇటు కూర్చోండి, నేను అడుగుతాను. మీరెలా చెబుతారో చూసి నేర్చుకుంటా" అంది, మొహం అమాయకంగా పెట్టి.

మేడం కళ్ళజోడు సర్దుకుని పిల్లలు కూర్చునే కుర్చీలోకి మారింది. మరిది తలుపు పక్కన చేరాడు.

"ఇక్కడ నాయకురాలు మీరే కదా. ఆ పని ఏమిటనుకుంటున్నారు?"

"ముందుండి దారి చూపడం."

"అది గోడమీద బోర్డులో ఉంది. మీ సొంతంగా చెప్పండి."

మేడం ఇబ్బందిగా కదిలింది. "భయపడేవాళ్ళకి ధైర్యం చెప్పడం."

"ఇప్పుడు భయపడుతున్నదెవరు?"

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. మేడం అటు గుర్రుగా చూసింది.

"తయారైనవాళ్ళని పంపెయ్యడం" అని గొణిగింది చివరికి.

"జవాబు బాగుంది. కానీ నేలకేసి చూస్తూ చెప్పారు. మీరింకా తయారవలేదు. ఎల్లుండి మళ్ళీ రండి."

"ఎల్లుండికి నువ్వు హాస్టల్లో ఉంటావు కదే" అనేసింది మేడం. అన్నాకగానీ ఏమన్నదో ఆవిడకి తెలియలేదు.

పిల్ల తలుపుకేసి తిరిగింది. "విన్నారుగా సార్? మేడం సరేనన్నట్టే."

"నేను సాక్షిని" అన్నాడు మరిది.

మేడం ఆ కుర్చీలోంచి లేవలేదు. "పొద్దున్నే బస్సు. చివరి సీట్లో కూర్చోకు, కుదుపులెక్కువ. ఇక పో. నేను పిలిచినా వెనక్కి రాకు."

"పిలుస్తారా ఏంటి?"

"పిలుస్తానేమో. నా బుద్ధి నాకు తెలియదూ."