కింద సొంత పేరు

మగ్దలీనమ్మ తడిగుడ్డతో నల్లబల్ల తుడుస్తోంది. పొడి డస్టరుతో తుడిస్తే నిన్నటి పాఠం తెల్లగా అక్కడే మిగిలిపోతుందని ఆమెకు కోపం. అసలు ఆమెకు చాలావాటి మీద కోపం. ఈ జూనియర్ కాలేజీలో పదమూడేళ్లుగా గెస్ట్ లెక్చరరు. జూన్‌లో రమ్మంటారు, మార్చిలో చాలంటారు. విడవలూరు బస్సు దిగి, చెప్పుల్లో దూరిన ఇసుక గుమ్మం దగ్గర దులుపుకుని, తొమ్మిదింటికల్లా సెకండియర్ గదిలో ఉంటుంది. మడమల నిండా పగుళ్లు, కుడిచేతి చూపుడువేలు సుద్దకు అరిగి నున్నగా ఉంటుంది.

ఆమె ఇంగ్లీషు క్లాసులో ఆలస్యంగా వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి కారణం ఇంగ్లీషులో చెప్పాలి. తప్పులుంటే ఫరవాలేదు, బట్టీ పట్టింది మాత్రం చెప్పకూడదు. గైడు బల్ల మీద కనబడితే కిటికీలోంచి బయట పడుతుంది. ఉత్తరం రాస్తే కింద సొంత పేరుండాలి.

ఈ చివరి దాని దగ్గరే ఏటా గొడవ. గైడులో ఉత్తరం ఎప్పుడూ ఒకటే: మా వీధిలో దోమలు పెరిగాయి, తగిన చర్య తీసుకోగలరు, ఇట్లు తమ విధేయుడు ఎక్స్ వై జెడ్. పరీక్ష పేపర్లో అసలు పేరు రాయకూడదు గనుక అందరికీ అదే పేరు.

"ఎక్స్ వై జెడ్ మీ ఇంటిపేరా గిరిబాబూ?"

వెనక బెంచీ మీది గిరిబాబు తల గీరుకున్నాడు. "లేదు మేడం. మేము ఆవులోళ్లం."

"అయితే అది రాయి. ఆ ముగ్గురినీ పరీక్ష రోజు పిలుచుకో."

క్లాసు నవ్వింది. ముందు బెంచీలో వెన్నెల మాత్రం నవ్వలేదు. తల వంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది.

రెండు వారాల కిందట ఆ పిల్లే తమ ఇంటి బోరు నీళ్లు సీసాలో పట్టుకొచ్చింది. చుట్టూ రొయ్యల గుంటలు తవ్వాక బోర్లన్నీ ఉప్పుబారాయి. రుచి చూడనిదాన్ని గురించి రాయొద్దని మగ్దలీనమ్మ ఆ నీళ్లు క్లాసంతటికీ గుక్కెడేసి పోసింది, ముందు తాను తాగింది. ఆ రోజు నలభైమందీ ఉత్తరాలు రాశారు. వెన్నెలది అన్నిటికంటే బాగుంది. గుంటలెవరివో, బోరు ఎప్పుడు చెడిందో, చెల్లెలి ఒళ్లంతా దద్దుర్లు ఎలా వచ్చాయో, అన్నీ ఉన్నాయి. కింద పేరు, ఊరు. మగ్దలీనమ్మే దానికి స్టాంపు అంటించి జిల్లా ఆఫీసుకు పోస్టు చేసింది. మిగిలిన నీళ్లు మూతపోయిన సీసాలో ఆమె బల్లమీదే ఉండిపోయాయి.

అటెండరు మునెయ్య గుమ్మంలోకి వచ్చాడు. "మేడం, ప్రిన్సిపల్ సారు పిలస్తుండాడు."

ప్రిన్సిపల్ పద్మనాభయ్య గారి బల్లమీద వెన్నెల ఉత్తరం ఉంది. జిల్లా ఆఫీసుకు పోయిన కాగితం ఇక్కడికెలా వచ్చిందని ఆమె అడగలేదు. ఎవరి మీద రాశారో వాళ్ల చేతికే చేరడం ఆమెకు కొత్త కాదు.

"నరేంద్రబాబు గారు పంపినారమ్మా. ఆ పిల్ల చేత ఇంకో ఉత్తరం రాయించండి. ప్రాక్టీసు కోసం రాసినాను, నిజం కాదు అని. మీరే దగ్గరుండి రాయించండి, తప్పుల్లేకుండా."

"అబద్ధానికి తప్పులు దిద్దాలా సార్?"

"వాళ్ల నాయన ఆయన గుంటలకాడే కాపలా. ఆ సంగతి చూడండి. మన ప్లాంటు కూడా ఆయనిచ్చిందే గదా."

వరండాలో ఆ మంచినీళ్ల ప్లాంటు మీద నరేంద్రబాబు పేరు మూరెడేసి నీలం అక్షరాల్లో ఉంది. నీళ్లు చెడగొట్టినవాడి పేరు చదువుకుంటూ పిల్లలు గ్లాసులు పట్టుకుంటున్నారు.

వెన్నెల ప్లాంటు పక్కనే కాచుకుని ఉంది. "రాసేస్తా మేడం. నాయన రాత్రి అన్నం ముట్టలా. నాకు ఇంగ్లీషు వచ్చు గదా, రెండు నిమిషాల పని."

నాకు ఇంగ్లీషు వచ్చు. పదమూడేళ్లుగా ఏ పిల్ల నోటైనా వినాలనుకున్న మాట. ఇందుకా అది?

ఆమెకు పదిహేనేళ్లప్పుడు, ఇంటిస్థలం కోసం నాయనకు ఆమే ఇంగ్లీషులో అర్జీ రాసిచ్చింది, గైడు చూసి, అక్షరం పొల్లుపోకుండా. కింద ఎక్స్ వై జెడ్ అనే రాసింది. అట్లా రాయాలేమో అనుకుంది. "ఎవురబ్బా ఈ ఎక్స్ వై జెడ్డు? స్థలం ఈయనకేనా?" అని గుమాస్తా పైకి చదివితే ఆఫీసంతా నవ్వింది. ఏమీ అర్థంకాక, చేతులు కట్టుకునే, నాయన కూడా వాళ్లతోపాటు నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఆమెకు ఇప్పటికీ అన్నం దిగదు.

"నువ్వు రాయొద్దు. క్లాసులోకి పో" అంది.

మధ్యాహ్నం క్యారేజీ తెరవలేదు. రెండు తెల్లకాగితాలు తీసుకుని ఒకటే ఉత్తరం రెండుసార్లు రాసింది. వెన్నెల రాసిన ఉత్తరం నేనిచ్చిన పాఠం, పోస్టు చేసింది నేను. ఆ పిల్ల పేరు కొట్టేసి నా పేరు రాసుకోండి. నీళ్లు ఉప్పగా ఉన్న మాట నిజం, నేను తాగి చూశాను. కింద పేరు, ఇంటి నంబరు, ఊరు. ఒక ప్రతి పోస్టాఫీసుకెళ్లి జిల్లా ఆఫీసుకు రిజిస్టరు చేయించింది. రెండోదాని అడుగున ఇంకో వాక్యం చేర్చింది.

ఆఖరి పీరియడ్ ఎప్పటిలాగే చెప్పింది. నల్లబల్ల తడిగుడ్డతో తుడిచింది.

సాయంత్రం పద్మనాభయ్య గారు కాగితం కింది పేరు దాకా రెండుసార్లు చదివారు. "ఇది ఇస్తే నేను మిమ్మల్ని రేపు రమ్మనలేనమ్మా."

"మార్చిలో చెప్పేది ఇప్పుడు చెప్తుండారు. అంతే గదా సార్."

"ఆ పిల్ల నాయన సంగతి?"

"ఇప్పుడు నరేంద్రబాబు గారికి కోపం నా మీద. నన్ను చూసుకోమనండి."

ఆమె సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. నాలుగున్నర బస్సు హారను వినబడింది. పద్మనాభయ్య గారు కాగితం మడవబోతూ అడుగున ఉన్న వాక్యం అప్పుడు చూశారు: జతపరచినది, ఒక సీసా నీళ్లు.

ప్లాంటు నీళ్లు పట్టిన ఆయన గ్లాసు పక్కనే సీసా ఉంది, మూత లేకుండా, నాలుగు వేళ్ల నీళ్లతో, నీళ్లు ఇగిరిన మేర గాజు చుట్టూ సన్నటి తెల్లటి ఉప్పు గీతతో.