మూడు నీళ్ళు

సబ్బు పెట్టి తోమిన గిన్నెను మూడు నీళ్ళు తొలచాలి. ఇది యేసమ్మకు ఎవరూ నేర్పలేదు, ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. బియ్యానికి మూడు నీళ్ళు, చేపకు మూడు నీళ్ళు, గిన్నెకు మూడు నీళ్ళు. అలాంటి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, లోపలంతా నురగ పట్టిన గాజు జాడీని కడగకుండా అలాగే వదిలెయ్యమంటే ఆవిడ ప్రాణం ఎంత కొట్టుకోవాలి చెప్పండి!

వదిలెయ్యమన్నది కోడలు మానస. కలిదిండిలో రొయ్యల రైతులు చెరువు నీళ్ళు పరీక్ష చేయించుకునే ల్యాబులో పని చేస్తుంది, క్రిముల గురించి చదువుకున్న పిల్ల. ఇంట్లో ద్రాక్షారసం చేసుకునేవాళ్ళు జాడీలకు వాడే శానిటైజరట, చిన్న సీసా ఒకటి ఆన్‌లైన్లో తెప్పించింది. శానిటైజర్ అనగానే యేసమ్మ, కరోనా రోజుల్లో చేతులకు రాసుకున్న మందు అనుకుని హడలిపోయింది. అది వేరు, ఇది వేరు అని మానస నవ్వుతూ చెప్పింది. సబ్బుతో తోమి కడిగేది మురికి పోవడానికి. ఆ తరవాత ఈ మందును కొలత ప్రకారం నీళ్ళలో కలిపి జాడీ అంతా తడిసేలా తిప్పేది కంటికి కనపడని క్రిములు పోవడానికి. రెండు నిమిషాలాగి ఒంపేసి, ఆ తడి మీదే ద్రాక్ష వేసెయ్యాలి. మిగిలిన నురగ ఎవరినీ ఏమీ చెయ్యదు. దాని మీద మళ్ళీ నీళ్ళు పోస్తేనే ముప్పు, పోయిన క్రిములను పేరు పెట్టి పిలిచినట్టే.

యేసమ్మ అన్నిటికీ తలూపింది. తలూపడానికేం, మెడ ఉన్నవాళ్ళందరూ ఊపగలరు.

అసలు ఇంత హంగామా ఎందుకంటే, పోయిన ఈస్టర్ నాడు జరిగిన అవమానం అలాంటిది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈస్టర్ నాడు గుడిలో అందరూ తలా గుక్కెడు పుచ్చుకునే ప్రభువు బల్లకు ద్రాక్షారసం యేసమ్మ చేతి మీదుగానే వెళుతుంది. ఆవిడ హస్తవాసి అలాంటిదని చుట్టుపక్కల సంఘాల వాళ్ళు కూడా చెప్పుకునేవారు. బల్ల మీదకు వెళ్ళేదాన్ని ఎంగిలి చెయ్యకూడదని, చేసిన రసాన్ని ఒక్క చుక్కయినా ముందుగా నాలిక మీద వేసుకునేది కాదు. అదే కొంప ముంచింది. ఆ ఆదివారం పాస్టరు హెన్రీ గారు మొదటి గుక్క తాగి కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ప్రార్థనలో లీనమయ్యారని అందరూ అనుకున్నారు. తమ వంతు వచ్చాక గాని తెలియలేదు, రసం చింతపులుసు కన్నా పుల్లగా ఉందని.

ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. స్త్రీల సమాజం ప్రెసిడెంటు రాజకుమారి గారు ఇంటికి వచ్చి, కాఫీ తాగి, చూపు కూడా తగ్గింది కదండీ, ఇంక మీరు విశ్రాంతి తీసుకోండి, వచ్చే ఏడాది నుంచి సీసాలు కొనుక్కుందాం అని మెత్తగా చెప్పి వెళ్ళింది. ఆ మెత్తదనం యేసమ్మను కోసేసింది. ఏడాది పొడుగునా తన చేతులను తనే అనుమానంగా చూసుకుంది. కూరలో ఉప్పు వేసి మూడుసార్లు రుచి చూసేది. తన పనైపోయిందని లోలోపల కుమిలిపోయింది.

అలాంటిది, మొన్న జనవరిలో సంఘం కూర్చున్నప్పుడు మానస లేచి నిలబడి, ఈసారి కూడా మా అత్తయ్యగారే చేస్తారండీ, చెడితే పూచీ నాది అంది. అత్త లేని కోడలు ఉత్తమురాలు అని సామెత పుట్టించినవాళ్ళు ఆ రోజు గుడిలో ఉంటే నోళ్ళు తెరిచేవాళ్ళు. యేసమ్మ తలొంచుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇప్పుడు ఈ జాడీ చెడితే తన పేరొక్కటే కాదు, ఆ పిల్ల పేరు కూడా పోతుంది.

ఈస్టర్‌కు ఇంకా నెలన్నర ఉందనగా ఒక శనివారం పొద్దున్నే, కొడుకు సుకుమార్ ఏలూరు నుంచి తెచ్చిన నల్లద్రాక్షను అత్తాకోడళ్ళిద్దరూ కాడలు వలిచి సిద్ధం చేశారు. మానస జాడీలో మందు నీళ్ళు పోసి, తిప్పి, ఒంపింది. నురగ గోడలకు అంటుకుని దట్టంగా నిలిచింది. సరిగ్గా అప్పుడే ల్యాబు నుంచి ఫోను. ఎవరిదో చెరువులో రొయ్య తేలుతోందట. లోపల సిగ్నలు అందక మానస వీధి గేటు దాకా వెళ్ళింది.

యేసమ్మ, జాడీ మిగిలారు.

నురగ వంక చూడకూడదనుకుని ద్రాక్ష వంక చూసింది. మళ్ళీ నురగే కనపడింది. అది మందో మాకో, చూడ్డానికి మాత్రం అచ్చం సబ్బే. పసిపిల్లల తల్లులు తాగుతారు, ముసలాళ్ళు తాగుతారు, పైగా అది ప్రభువు బల్ల. అందులో నురగ కలిపి పెట్టిన పాపం ఎవరికి? కొళాయి నీళ్ళైతే చెరువు కంపు, అంత తెలివితక్కువదాన్ని కాదు అనుకుని, తాగడానికి కొనుక్కున్న క్యాను వంచింది. ఒక నీళ్ళు, రెండు నీళ్ళు, మూడు నీళ్ళు. కడిగాక జాడీ తళతళలాడింది. తడి కూడా ఎందుకని, ఉతికి కట్టుకున్న చీరే కదా, పమిట చెంగు దూర్చి లోపలంతా తుడిచింది. అప్పటికి గాని ఆవిడకు ఊపిరి ఆడలేదు.

మానస తిరిగొచ్చి జాడీలోకి తొంగి చూసింది. నురగ ఏదండీ అని అడిగింది.

"దిగిపోయిందమ్మా," అంది యేసమ్మ.

అబద్ధం ఆడి ఎరగని నోరు. మానసకు అత్తయ్యగారు చెప్పారంటే అంతే. దోసిలినిండా ద్రాక్ష తీసి జాడీ మూతి మీదకు తెచ్చింది. ఆ నమ్మకం చూసి యేసమ్మ గుండె చెరువైంది. గబుక్కున ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది.

"వెయ్యకమ్మా. కడిగేశాను. మూడు నీళ్ళు తొలిచి, నా చెంగుతో తుడిచేశాను."

ఆ తరవాత మాటలు వాటంతటవే వచ్చేశాయి. నీ మీద నమ్మకం లేక కాదు, నా చేతులే నా మాట వినవు, పోయినేడు చెడగొట్టింది చాలక ఈ ఏడూ నీ పరువు తియ్యబోయాను, రాజకుమారి గారితో నేనే చెబుతాను, సీసాలు కొనుక్కోమను, నా హస్తవాసి పోయింది అని ఏకధారగా అనేసి, తిట్టడానికి వీలుగా ఉంటుందని తలొంచుకుని నిలబడింది.

మానస తిట్టలేదు. ద్రాక్షను తిరిగి పళ్ళెంలో పోసి, గచ్చు మీద చతికిలబడి, మొహం రెండు చేతుల్లో పెట్టుకుంది.

"పోయినేడు చెడగొట్టింది మీరు కాదండీ," అంది. "నేను."

యేసమ్మకు ఆ మాట వెంటనే తలకెక్కలేదు. మానస నేల చూపులు చూస్తూ చెప్పుకుపోయింది. యేసమ్మ కంటి ఆపరేషనుకు ఏలూరు వెళ్ళినప్పుడు, రసాన్ని పూటపూటా కలుపుతూ ఉండమని కొత్త కోడలికి అప్పజెప్పింది. అప్పటికి ఆ పిల్ల పుట్టిల్లు అత్తిలి నుంచి కాపురానికి వచ్చి నెలే అయింది. వంటింట్లో ఒకే మేకుకు రెండు తెడ్లు వేలాడుతున్నాయి. ఒకటి రసానిది, రెండోది తరవాణి కుండది. రోజూ అన్నం గంజిలో పులిసే ఆ కుండలో తిరిగే తెడ్డును, తెలియక, తీసి రసంలో పెట్టింది. మూడో రోజుకు రసం మీద తెల్లటి పొర కట్టింది. క్రిముల చదువు చదివిన పిల్లకు అదేమిటో ఇంకొకరు చెప్పాలా? పొర తీసేసి, భయపడి, నోరు మూసుకుంది. ఆదివారం గుడిలో అందరూ అత్తగారి కళ్ళ వంక జాలిగా చూస్తుంటే కూడా నోరు మూసుకునే ఉంది.

"రేపు గుడిలో సాక్ష్యం చెప్పేటప్పుడు లేచి అందరి ముందూ చెప్పేస్తానండీ. ఇంక మొయ్యలేను."

యేసమ్మకు కోపం వచ్చింది. రాలేదంటే అబద్ధం. ఏడాది! ఏడాది పాటు తన చేతులను తను అసహ్యించుకుంది, ఈ పిల్ల పక్కనే కూర్చుని అన్నం తింటూ చూసింది. చెడామడా నాలుగు అనేద్దామని నోరు తెరిచింది. కాని తిట్టు రావలసిన చోట కన్నీళ్ళు వచ్చాయి. రెండు చేతులూ ముందుకు చాచి, కొత్తగా చూస్తున్నదానిలా అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది. ముడతలు పడ్డాయి, నిజమే. పని మాత్రం మరిచిపోలేదు. ఆ సంతోషం ముందు కోపం ఎంతసేపు నిలుస్తుంది?

నెమ్మదిగా గోడ పట్టుకుని కోడలి పక్కన గచ్చు మీద కూర్చుంది.

"చెప్పు, తప్పకుండా చెప్పు," అంది ముక్కు తుడుచుకుంటూ. "నేను మూడు నీళ్ళు తొలిచిన సంగతి మాత్రం ఎత్తకు."

మానస ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. లేచి, మళ్ళీ మందు కొలిచి, మళ్ళీ జాడీ తిప్పింది. నురగ మళ్ళీ పొంగింది. రెండు నిమిషాలు ఆగాలి. యేసమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒక దాన్ని ఇంకో దానితో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"ఏడాది బట్టి సరిగ్గా నిద్రపట్టలేదమ్మా నాకు," అంది నురగ వంక చూస్తూ.

"నాకూ పట్టలేదండీ."

యేసమ్మ చప్పున కోడలి మొహంలోకి చూసింది. ఒకే ఇల్లు, మధ్య ఒక్క గోడ. అటు తను, ఇటు ఈ పిల్ల, ఇన్ని రాత్రులు కళ్ళు తెరుచుకుని పడుకున్నారన్నమాట. చదువుకున్న పిల్ల అని ఇన్నాళ్ళూ అమ్మా అనే పిలిచింది గాని, కన్నకూతురిని పిలిచినట్టు ఏమే అని ఎన్నడూ పిలవలేదు.

"అప్పుడే చెబితే ఇద్దరం పడుకునేవాళ్ళం కదే," అంది.