పర్యవేక్షిత పరికరం

బస్సు డిపోలో డ్యూటీలు వేసే పర్యవేక్షకుడు ఇంట్లో కూడా తనది అదే హోదా అనుకునేవాడు. ఇంట్లో ఉన్నది భార్య, పదహారేళ్ళ కూతురు. ఇద్దరూ ఆ నమ్మకాన్ని ఎప్పుడూ కాదనలేదు. కాదంటే గంటసేపు కూర్చుని వినాలి.

డిపోలో డ్రైవర్లు ఆయన్ని వెనకాల నిమిషాలాయన అంటారు. ఐదు నిమిషాలు ఆలస్యమైందని ఎవరైనా ఒప్పుకుంటే, "ఐదు కాదు, ఆరు" అంటాడు. ఆ పేరు ఎదురుగా అన్నా ఆయన ఏమీ అనుకోడేమో గానీ, అలా అనే ధైర్యం ఎవరికీ లేదు.

కూతురి ఫోన్‌కి కళ్ళెం వేయాలని ఆయనకు పోయిన నెల ఇరవై ఒకటో తారీకున తోచింది. ఆ రోజు ఆమె నలభై నిమిషాలు ఫోన్ చూసింది. ఆయన ఎదురుగా కూర్చుని, తన ఫోన్‌లో గడియారం పెట్టుకుని మరీ చూశాడు. మధ్యమధ్యలో తుప్పు పట్టిన సుత్తుల్ని తోమి కొత్తవాటిలా చేసే వీడియోలు మూడు చూశాడు. అవి విజ్ఞానం కిందికి వస్తాయి కాబట్టి లెక్కలోకి రావు.

పెద్దల ఫోన్ నుంచి పిల్లల ఫోన్‌ని అదుపు చేసే యాప్ ఒకటుందని డిపోలో గుమాస్తా చెప్పాడు. మర్నాడు భోజనాల బల్ల మీద రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ అది దించాడు. ఆయన ఫోన్‌లో అన్నీ తెలుగులోనే ఉంటాయి. మన భాష మనం వాడకపోతే ఇంకెవరు వాడతారంటాడు. వాడతాడు. చదవడం వేరే సంగతి.

తెర మీద ఒకదాని కింద ఒకటి రెండు గడులు వచ్చాయి. పైదాంట్లో 'పర్యవేక్షిత పరికరం' అని ఉంది. కిందిదాంట్లో 'పర్యవేక్షక పరికరం' అని ఉంది. ఆయన కళ్ళజోడు డిపోలో సొరుగులో ఉంది. 'పర్యవే' దాకా కనిపించింది. ఇరవై రెండేళ్ళుగా తన చొక్కా జేబు మీద ఉన్న మాట. బొటనవేలు పైగడి మీద పడింది.

"నాన్నా, ఒకసారి పూర్తిగా చదువు," అంది కూతురు.

"ఆ మాట రోజూ గుండెల మీద పెట్టుకు తిరుగుతున్నా. నువ్వు చదివి వినిపిస్తావా నాకు?"

"నీ జేబు మీద ఉన్నది 'క'. ఇక్కడ ఉన్నది 'త'."

"కకీ తకీ తేడా తెలీకుండానే ఉద్యోగమిచ్చారా నాకు? ఇలా తే నీ ఫోను."

ఆమె ఇచ్చింది. దాంట్లో మిగిలిన గడి నొక్కాడు. ఆంక్షలన్నీ కూతురి ఫోన్‌లోనే, తన చేత్తోనే నింపాడు. ఎవరి ఆంక్షలు వాళ్ళ ఫోన్‌లో నింపాలనేది ఆయన లెక్క. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా చదువు సమయం. ఆ వేళ ఒక్క యాప్ కూడా తెరుచుకోకూడదు. పరీక్షలకు నెల ముందు, అంటే ఒకటో తారీకు నుంచి అమలు. అది చాలదన్నట్టు, ఆ మూడు గంటలూ ఆమె ఫోన్ వంటింట్లో అలమారా పైన ఉండాలనీ, ఇల్లు కూలినా ఎవరూ దాన్ని ముట్టకూడదనీ ఇంకో చట్టం చేశాడు. యంత్రాన్ని నమ్మాలి గానీ మరీ నమ్మకూడదన్నాడు.

మూడో రోజున ఆమె ఇంకోసారి చెప్పబోయింది.

"నాన్నా, నీ ఫోను నాకు రిపోర్టులు..."

"ఫోన్ ఊసెత్తితే ఊరుకోను."

ఆమె ఊరుకుంది. ఊరుకోమన్నవాడు మళ్ళీ అడగలేదు.

ఒకటో తారీకు వచ్చింది.

రోజూ నాలుగింటికి ఆయన మర్నాటి చార్టు వేయడానికి కూర్చుంటాడు. ఏ డ్రైవరు, ఏ బండి, ఏ రూటు, ఎన్నింటికి. ముప్ఫై ఒక్క మంది. ఐదింటికి అది పూర్తవుతుంది. దాన్ని ఫొటో తీసి ఆరు లోపు డ్రైవర్ల గ్రూపులో పెడతాడు. తెల్లవారుజామున నాలుగూ నలభైకి బండి తీసేవాళ్ళు ఆరింటికి చార్టు చూసుకుని, ఫోన్ ఆపేసి, పడుకుంటారు. ఆరు దాటితే అందరూ చూస్తారన్న నమ్మకం లేదు. చూడకపోతే పొద్దున బండి కదలదు.

పోయిన నెలలో ఒకసారి చార్టు ఆరూ ఏడుకి వెళ్ళింది. మొదట దాన్ని పొరపాటున అత్తవారి గ్రూపులో పెట్టాడు. బావమరిది "నాకే రూటు బావా?" అని అడిగేదాకా గమనించలేదు. మర్నాడు రెండు బళ్ళు ఆగాయి. మేనేజరు పిలిచి, "ఇంకోసారి ఆరు దాటిందంటే నిన్ను పోయిన వస్తువుల గదికి పంపిస్తా," అన్నాడు. ఆ గదిలో గొడుగులుంటాయి. ఈయన కుర్చీలో ఇంతకుముందు కూర్చున్నాయన ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. గొడుగులకు చీటీలు కడుతుంటాడు. ఎవరైనా పలకరిస్తే రంగు ఏంటని అడుగుతాడు.

ఐదూ రెండుకి చార్టు ముందు పెట్టుకుని ఫోన్ తీశాడు. తెర మీద కళ్ళజోడు పెట్టుకున్న ఎలుగుబంటి బొమ్మ వచ్చింది. చేతిలో పుస్తకం. కింద అక్షరాలు.

"చిన్నారీ, ఇది చదువుకునే వేళ!"

ఆపి మళ్ళీ పెట్టాడు. ఎలుగుబంటి ఎక్కడికీ పోలేదు.

గ్రూపులో ఇంకెవరి చేతనైనా పెట్టించవచ్చు కదా అంటే, కుదరదు. అందులో రాసే హక్కు ఆయనొక్కడికే ఉంది. డ్రైవర్లు చార్టు కింద జోకులు పెడుతున్నారని రెండేళ్ళ కిందట తనే అలా బిగించాడు. ఒక్కొక్కరికీ ఫోన్ చేద్దామంటే, ఆఫీసు రిజిస్టర్లో ఉన్న నంబర్లు సగం మారిపోయాయి. మిగిలిన సగానికి చేస్తే, ఎందుకు చేస్తున్నాడో రేపు పొద్దుటికల్లా డిపో అంతా తెలుస్తుంది.

డిపో ఎదురుగా ఫోన్లు బాగుచేసే కొట్టుంది. కొట్టాయన ఫోన్ అందుకుని ఎలుగుబంటిని చూశాడు.

"ఎవరిది సార్ ఫోను?"

"నాదే."

"పాపదా?"

"నాదంటున్నా కదయ్యా."

"దీని ప్రకారం మీరే పాప సార్."

పర్యవేక్షకుడు కొట్టులో ఇంకెవరూ లేరని నిర్ధారించుకున్నాడు. "తీసెయ్. పది నిమిషాలిస్తున్నా."

"మీరు గంటలిచ్చినా ఇంతే సార్. ఫోనంతా తుడిచేస్తే పోతుంది. మళ్ళీ నంబర్లూ గ్రూపులూ అన్నీ ఎక్కించుకోవాలి. తెల్లారుతుంది."

"నాకు ఆరుకల్లా కావాలి."

"ఆరుకల్లా అంటే మీ నాన్నగారిని అడగడమే."

"ఆయన పోయి పన్నెండేళ్ళైంది!"

"ఆయన కాదు సార్, దీంట్లో ఉన్న నాన్నగారు." కొట్టాయన ఎలుగుబంటి పాదాల దగ్గర ఉన్న గుర్తు మీద వేలు పెట్టాడు. 'మీ పెద్దలను పిలవండి' అని ఉంది. నొక్కాడు. తెర మీద కూతురి ఫొటో వచ్చింది.

అప్పటికి గానీ ఆయనకు 'క', 'త' విడివిడిగా కనపడలేదు.

ఫోన్ మోగింది. మోగుతూనే ఉంది. మూడుసార్లు చేశాడు. ఎవరూ తీయలేదు. ఎందుకు తీయలేదో ఆయనకు తెలుసు. ఇల్లు కూలినా ముట్టకూడదన్నాడు కదా. తన మాట ఇంట్లో చెల్లుబాటవుతోందని రుజువు దొరికిన రోజు కూడా అదే.

"రేపట్నుంచి కూడా ఇంతేనా?" అని అడిగాడు.

"రోజూ నాలుగింటికి సార్. పెద్దవాళ్ళు తీసేసేదాకా."

ఐదూ ఇరవైకి ఆటో ఎక్కాడు. ఐదూ నలభై మూడుకి ఇంట్లో అడుగుపెట్టాడు. భార్య కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్టుకి చెయ్యి అతుకుతోంది. కూతురు బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటోంది.

"ఫోన్ మోగితే తీయరా ఎవరూ?"

"మోగింది," అంది భార్య మిషను ఆపకుండా. "మూడుసార్లు మోగింది. నాలుగు నుంచి ఏడు దాకా ముట్టకూడదన్నారు కదా."

"నేనే చేశాను!"

"చూస్తే కదండీ తెలిసేది. చూడాలంటే ముట్టాలి."

ఆయన స్టూలు వేసుకుని అలమారా పైనుంచి ఫోన్ తానే దించాడు. కూతురి ముందు పెట్టాడు. చార్టు కూడా పెట్టాడు. ఏం అడగాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. తీరా ఇప్పుడు చార్టు అంచులు సరిచేస్తూ నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన సెలవులు ఇచ్చాడు, ఆపాడు. ఒకరి ముందు నిలబడి అడగాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

"ఆరుకి చార్టు వెళ్ళకపోతే నన్ను గొడుగుల గదిలో వేస్తారు," అన్నాడు చివరికి.

కూతురు పెన్ను మూసింది. ఫోన్ తీసి చూసింది. తెర పైకి ఒక వాక్యం వచ్చింది: 'మీ చిన్నారి అదనపు సమయం కోరుతున్నారు.'

"ఎంతివ్వను? పావుగంట, అరగంట, గంట ఉన్నాయి."

"గంట."

"పావుగంట చాలు నాన్నా. ఒక్క ఫొటోయే కదా. గంటిస్తే సుత్తులు చూస్తావు."

మిషను ఆగింది. "సుత్తులేంటి?" అంది భార్య.

"రోజుకి నాలుగు గంటల పది నిమిషాలమ్మా. రిపోర్టులో ఉంది. అందులో రెండు గంటలు డ్యూటీలోనే. ఇంకా, పొద్దున నడక నలభై నిమిషాలైతే అందులో ఇరవై ఐదు బేకరీ ముందు నిలబడి ఉంటున్నాడు."

"డాక్టరు తీపి మానెయ్యమన్నాడు కదండీ."

"వాకింగ్‌లో అలసట వస్తుంది," అన్నాడు ఆయన. "ముందు పావుగంటివ్వు."

ఇచ్చింది. ఎలుగుబంటి పుస్తకం మూసుకుని వెళ్ళిపోయింది. మొదటి ఫొటోలో సగం ఆయన బొటనవేలే పడింది. రెండోది కూతురు తీసింది. గ్రూపు పేరు ఆయన రెండుసార్లు పైకి చదివాడు, ఒక్కో అక్షరం విడివిడిగా. ఐదూ యాభై ఏడుకి చార్టు వెళ్ళింది. ఆరు లోపు ఇరవై తొమ్మిది మంది చూశారు. మిగిలిన ఇద్దరూ ఆరూ రెండుకి చూశారు.

ఆయన కూర్చున్నాడు. భార్య మంచినీళ్ళు ఇచ్చింది. తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఇదంతా తెలిసీ ఇన్ని రోజులు చెప్పలేదా నువ్వు?"

"రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ ఊరుకోమన్నావు."

ఆయన వెంటనే విషయం మార్చాడు.

"రేపు నాలుగింటికి మళ్ళీ వస్తుంది అది. తీసెయ్యమ్మా."

"ఎందుకండీ తీయడం?" అంది భార్య. "నాకైతే నచ్చింది. సుగరు తగ్గేదాకా ఉండనివ్వండి."

"అమ్మా, ఆయన ఉద్యోగం పోతుంది," అంది కూతురు.

ఆయన బేరం కోసం ఎదురుచూశాడు. డిపోలో ఎవరైనా ఒకటి ఇస్తే ఒకటి అడుగుతారు. ఆదివారం డ్యూటీ చేస్తా, పండక్కి సెలవివ్వమంటారు. తన ఫోన్ జోలికి రావద్దని ఈ పిల్ల కూడా అంటుందని, అంటే సరేననాలని ముందే నిర్ణయించుకున్నాడు. ఆమె ఏమీ అడగలేదు. 'నియంత్రణ తొలగించు' అన్నది నొక్కింది. ఆయనకు అదేదో అన్యాయంగా అనిపించింది.

"కారణం చెప్పమంటోంది," అంది. "మూడున్నాయి. 'చిన్నారి పెద్దవారయ్యారు.' 'చిన్నారి చెప్పిన మాట వింటున్నారు.' 'ఇతర కారణం.'"

"మొదటిది నొక్కు."

కూతురు తల్లి వైపు చూసింది. తల్లి మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

"అబద్ధం చెప్పకూడదు నాన్నా."

"అయితే మూడోది."

మూడోది నొక్కితే ఖాళీ గడి వచ్చింది. 'కారణం రాయండి.' కూతురు ఫోన్ ఆయన చేతికిచ్చింది. ఆయన ఈసారి తెరను కళ్ళకు దూరంగా పట్టుకుని, అన్నీ చదివి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. రాశాక ఒకసారి సరిచూసుకుని తిరిగిచ్చాడు.

'సాంకేతిక పొరపాటు.'

ఆమె చదివింది.

"రెండో మాట చాలు," అంది. మొదటి మాట చెరిపేసి, ఫోన్ ఆయన వైపు తిప్పి, చూడమన్నట్టు పట్టుకుంది.

ఆయన చూశాడు. మిషను చప్పుడు ఆగింది. భార్య సూది కింద బట్టను అలాగే పట్టుకుని వింటోంది.

"ఊఁ," అన్నాడు పర్యవేక్షకుడు.

కూతురు నొక్కింది.