మందు పూసిన చెయ్యి

పురుగులు ఆకు మేసే చప్పుడు సన్నవాన పడ్డట్టుంటుందని పుంగనూరు చుట్టుపక్కల పట్టు పెంచేవాళ్ళంతా అంటారు. మునీశ్వరికి ఈమధ్య అది వానలా వినిపించడం మానేసింది. వేలమంది ఒకచోట చేరి, గొంతు తగ్గించి, తన గురించే చెప్పుకుంటున్నట్టుండేది. మనసు బాగున్న పొద్దు ఆ మాటలు మంచివి. బాగాలేని పొద్దు, షెడ్డు తలుపు దగ్గర బ్లీచింగు నీళ్ళలో కాళ్ళు కడుక్కుంటుండగానే ఆమెకు తెలిసిపోయేది, ఈ రోజు లోపల తనని తిట్టుకుంటున్నారని.

ఆమెకి నలభై దాటాయి. కొన్నేళ్ళ కిందట రక్తం ఆగకుండా పోతుంటే మదనపల్లెలో ఒక నర్సింగ్ హోముకి తీసుకుపోయారు. అక్కడి పెద్ద డాక్టరు స్కానింగు ఫిల్ము వెలుగుకి పట్టి చూసి, గర్భసంచి తీసేస్తే పీడా పోతుందన్నాడు. తీసేటప్పుడు అండాశయాలు కూడా తీసేశాడు. పండక్కి ఇల్లు దులిపేవాడు పనికొచ్చేదీ రానిదీ ఒకే గంపలో వేసి పారబోసినట్టు. బిడ్డ పుట్టేసింది కదా, ఇంక వాటితో పనేముంది అనుకుని ఉంటాడు. ఎందుకు తీశావని అడిగిన నాథుడు లేడు. మొగుడు గంగులప్ప అడగలేదు, అన్నదమ్ములు అడగలేదు, ఆమెకి అడగొచ్చని తెలియదు.

వాటితో పాటు ఏమేం పోయాయో మెల్లమెల్లగా తెలిసింది. ముందు నిద్ర పోయింది. ఒంట్లోంచి ఆవిర్లు లేచేవి, పొయ్యి మీద సంగటి కుండ మూత తీసినట్టు మొహానికి కొట్టేవి. మోకాళ్ళు పట్టేసేవి. మాటలు నోటిదాకా వచ్చి ఆగిపోయేవి. అంగళ్లులో ఇంజనీరింగ్ చదివే కూతురు దీపిక ఫోన్లో పోరగా పోరగా, చివరికి కుప్పంలో పెద్దాసుపత్రికి పోయింది. అక్కడ మాధవీలత అనే డాక్టరమ్మ విషయమంతా విని, నిట్టూర్చి, ఒంట్లో తయారు కావలసింది తయారు కావడం లేదు కాబట్టి బయటినుంచి ఇవ్వాలని చెప్పి, ఒక జెల్ రాసిచ్చింది. సీసా మూత నొక్కితే చెమ్చాడు పడుతుంది. పొద్దున్నే భుజం కింద చేతికి పూసుకోవాలి. అంతే.

ముందు నిద్ర తిరిగొచ్చింది. నిద్రతో కలలొచ్చాయి, మునుపెన్నడూ లేనంత నిండుగా. ఒక కలలో ఆమె పురుగుల్ని పెంచే స్టాండు మీద పడుకొని ఉంటే ఎవరో పైనుంచి మల్బరీ ఆకు కప్పుతూ పోయేవారు, చల్లగా, పొర మీద పొర. ఇంకో కలలో పలమనేరు దారిలోని బండరాళ్ళ గుట్టలన్నీ మెత్తబడి, తెల్లబడి, తలలెత్తి అటూ ఇటూ ఊగేవి. మేలుకున్నాక కూడా సగం పొద్దు దాకా ఆ తెలుపు కళ్ళలోనే ఉండేది. నీళ్ళబిందె ఎత్తుకొని నడుస్తూ ఉంటే తను నడుస్తున్నదో, తనని ఎవరో మోసుకుపోతున్నారో తెలిసేది కాదు.

నిద్రా కలలతో సరిపోలేదు. రొమ్ములు పచ్చిపుండులా సలిపేవి. కడుపు ఉబ్బరించేది. ఏ కారణమూ లేకుండా ఏడుపొచ్చేది. బోరు కింద నీళ్ళు తాగుతున్న పొట్టి పుంగనూరావుని చూసి ఒకసారి వెక్కివెక్కి ఏడ్చింది, అది ఎంత చిన్నగా ఉందో కదా అని. కోపమైతే చెప్పక్కరలేదు. గంగులప్ప పచ్చిమిరపకాయ కొరికిన చప్పుడుకి ఒకనాడు ఆకుగంప ఎత్తి అతని నెత్తిన కుమ్మరించింది. అతను ఆకుల్లో కూర్చొని, మిగిలిన మిరపకాయ చేతిలో అట్లాగే పట్టుకున్నాడు.

ఇట్లా అవుతున్నదని ఆమె తన లెక్క తను చేసుకుంది. మనసు బాగాలేని పొద్దు రెండుసార్లు నొక్కి పూసుకునేది. మర్నాడు దానికి భయపడి అసలు పూసుకునేది కాదు. ఎవరినీ అడగలేదు. అడిగితే మందు మానెయ్యమంటారు, మళ్ళీ ఆ నిద్రలేని కొలిమిలోకి పోవాలి.

*

ఆ పంట చాకీ పురుగుల్ని, గుడ్లు పొదిగి కొన్నాళ్ళు సాకిన పిల్లపురుగుల్ని, మదనపల్లె దగ్గర నుంచి తెచ్చారు. నాలుగు జ్వరాలూ బాగా గడిచాయి. పురుగు ఒక్కోసారి మేత మాని, తల పైకెత్తి కదలకుండా పడుకొని, పాతచర్మం విడుస్తుంది. దాన్నే ఇక్కడ జ్వరమంటారు. జ్వరాలు అయిపోయాక వేలెడు పురుగులు ఆబగా మేశాయి. ఇంకో నాలుగైదు దినాలకి పండుతాయి. పండిన పురుగు ఒళ్ళు తేటబడి, లేత ద్రాక్షపండులా వెలుతురుని లోపలికి రానిస్తుంది. అప్పుడు ఏరి చంద్రికల మీద వదలాలి. ఆ వెదురు చుట్టల మధ్య అవి గూళ్ళు కడతాయి. పచ్చిది ఏరితే గూడు పలచన. ఆలస్యంగా ఏరితే పట్టు ఆకుల పాలు. ఆ ఇంట్లో ఆ చూపు మునీశ్వరిది.

ఒక పొద్దున ఆమె చూసే స్టాండులో కొన్ని పురుగులు వేళ కాకముందే అంచుకెక్కి, దారం తీయడం మొదలుపెట్టాయి. గంగులప్ప వాటిని చూశాడు. తర్వాత ఆమె చేతిని చూశాడు.

"ఏమ్మే, నువ్వు పూసుకునేదానికి పేరేమి?"

"జెల్."

"జెల్ సీసా పేరు. లోపల ఉండేది ఏంది?"

"హార్మోనంట."

"సూసినావా! మనం పురుగంతా ఒక్కతూరే పండాలని ఆకు మింద కొట్టేది ఏంది? పట్టాఫీసోళ్ళు దాన్నీ అదే కదా అంటారు! నీ సెయ్యి తగిలి తగిలి ఇవి పండిపోతాండాయి."

"దానికీ దీనికీ ఏం పొత్తు?"

"నాకేం తెలుసు పొత్తు? నువ్వు నా నెత్తిన గంప బోర్లించినావు, ఇవి టయానికి ముందే అంచెక్కినాయి. రెండిటికీ ఒకటే మందు. పంట అయ్యేదాకా నువ్వు లోపలికి రావాకు తల్లీ, నీకు దండం పెడతా."

అతని తమ్ముడి భార్య స్వర్ణలత ఆకుగంప పట్టుకొని పక్కనే ఉంది. నేల చూపులు చూసింది.

మునీశ్వరి బయటికొచ్చింది. తలుపు పడింది. ఏళ్ళ తరబడి ఆ షెడ్డే ఆమెకి ఇల్లు. ఇల్లనేది వంట చేసే చోటు మాత్రమే. గోడకి వీపు ఆనించి కూర్చుంటే ఇటుకల గుండా మేత చప్పుడు వీపుకి తగిలింది. ఆ వేలమంది గుసగుసలో ఇప్పుడు ఒకే మాట ఉంది: ఇది మనిషి కాదు, మందు.

ఆమె సగం నమ్మింది. ఆశ్చర్యం అక్కడే ఉంది. చెయ్యి ముక్కుకి ఆనించుకొని వాసన చూసుకునేది. పాలు పిండాలంటే భయం, పూలు కోయాలంటే భయం, తను ముట్టినవి వేళ కాకుండా పండిపోతాయేమోనని. మధ్యాహ్నం కునుకులో ఆమె నడిచిన దారి పొడవునా టమాటాలు పచ్చివి పచ్చివిగానే ఎర్రబడి రాలేవి. సీసా బీరువాలో పెట్టి తాళం వేసింది. రెండు దినాల్లోనే ఆవిర్లు తిరిగొచ్చాయి. లోకం ఆవిరి పట్టిన అద్దం అవతల ఉన్నట్టయింది. దీపిక ఫోన్ చేసి, సంగతి విని, "అమ్మా, మన ఊళ్ళో నాన్న ఎప్పుడు డాక్టరైనాడు?" అని మండిపడి, "కుప్పం పో. పోయి ఆమెనే అడుగు" అంది.

*

బీరువాలోంచి సీసా తీసి సంచీలో వేసుకొని, కుప్పం బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. కోట ఊరు దాటాక తెల్లటి ఎండలో రాళ్ళగుట్టలు, పక్కన తోటలు, నీలగిరి చెట్లు జారిపోతున్నాయి. ఏ ముందు కబురూ లేకుండా కళ్ళ నీళ్ళు కారడం మొదలుపెట్టాయి. పక్కన గుడుపల్లెకి పోయే ముసలామె, సిద్ధమ్మ, ఒళ్ళో సంచీ సర్దుకుంటూ వంగి చూసింది.

"ఏమ్మా, మొగుడు కొట్నాడా?"

"లేదవ్వా."

"సచ్చినాడా?"

"ఉండాడు."

"ఉండాడనా ఏడస్తాండావు?"

మునీశ్వరికి ఏడుపులోనే నవ్వొచ్చింది. "మందవ్వా. ఒక మందు వాడతాండా. దానికి ఏడుపొస్తాది."

సిద్ధమ్మ సంచీ ముడి విప్పింది. "మంచి మందే. పేరు సెప్పు, నేనూ కొనుక్కుంటా. మా ఆయప్ప పోయినపొద్దు కూడా నాకు నీళ్ళు రాలే. ఊరంతా సూసి, రాయి అనిరి." సంచీలోంచి సీతాఫలం తీసి చేతిలో పెట్టింది. "తిను. ఏడుపు వచ్చినప్పుడు తీపి తినల్ల, ఉప్పు సరిపోతాది."

సీతాఫలం అప్పటికే మాగి ఉంది. ఆమె ముట్టాక మాగింది కాదు. గింజలు కిటికీలోంచి ఊస్తూ, ఆ సంగతి చాలాసేపు నోట్లో తీపితో పాటు ఉంచుకుంది.

ఆసుపత్రిలో మాధవీలత ముందు కూర్చొని, మొదట పురుగుల సంగతే అడిగింది.

డాక్టరమ్మ నవ్వలేదు. "పురుగుల గురించి నాకు తెలీదమ్మా. ఈ మందు మనిషి నుంచి మనిషికి తగులుతుందని మాత్రం తెలుసు. అందుకే పూసుకున్నాక ఆరనివ్వాలి, చేతులు సబ్బుతో కడగాలి. చేతికి వద్దు, ఇకనుంచి తొడకి పూసుకోండి, బట్ట కింద ఉంటుంది. సరే, రోజూ ఎంత పూస్తున్నారు?"

మునీశ్వరి తన లెక్క చెప్పింది.

"అదీ సంగతి. ఒక రోజు రెండింతలు, ఒక రోజు సున్నా. ఒళ్ళు ఏమనుకుంటుంది? ఉయ్యాల్లో కూర్చోబెట్టి నెడుతున్నారు మీరు. ఒక్కసారే నొక్కండి. రోజూ ఒకే వేళకి. ఏడుపొచ్చినా అంతే, రాకపోయినా అంతే. రొమ్ము నొప్పి, ఉబ్బరం చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతాయి. తగ్గకపోతే రండి, మందు మారుద్దాం. మీకై మీరు ఆపొద్దు, పెంచొద్దు."

"కోపం మేడమ్?"

"కొంత ఈ ఎక్కువతక్కువల వల్లే." మాధవీలత చీటీ మీద రాస్తూ తలెత్తింది. "అంతా మందు మీద వెయ్యకండి. కోపం తెప్పించేవాళ్ళు మీ ఇంట్లో ఒక్కరూ లేరా?"

*

పుంగనూరు బస్టాండులో రాత్రి దిగి, ఆ ఊళ్ళోనే ఉన్న చిన్నమ్మ ఇంట్లో పడుకుంది. పొద్దున్నే లేచి, ఒక్కసారి నొక్కి, తొడకి పూసుకొని, ఆరేదాకా కిటికీలో నిలబడింది. కల ఏదో కొంగు పట్టుకొని వెనకే వస్తున్నట్టుంది. ఆటో దిగి ఊళ్ళోకి నడుస్తుంటే నేల కొంచెం మెత్తగా తగిలింది.

స్వర్ణలత ఎదురు పరుగెత్తుకొచ్చింది, జుట్టంతా ఆకు తొడిమలు.

"అక్కా, నిన్న సాయంత్రం బావ ఆకుకి పండించే మందు కొట్టినాడు. పురుగంతా ఒక్కతూరే లేసింది. ఏది పండిందో ఏది పచ్చో తెలీడం లే. పచ్చియి కూడా ఏరి పడేస్తాండాము." ఊపిరి పీల్చుకుంది. వెనక్కి చూసింది. "ఇంగొకటి సెప్తా, నా పేరు తీయొద్దు. ఆపొద్దు ముందే ఎక్కినాయని నిన్ను బయటికి పంపె గదా, నేను సూసే స్టాండులో కూడా ఎక్కినాయి. అంతే లెక్క. నువ్వు ఆ పక్కకి వచ్చిందే లే. సెప్పద్దన్నాడు బావ."

మునీశ్వరి దారిలోనే ఆగిపోయింది. కోపం లేచింది. ఇన్నాళ్ళూ కోపం వస్తే దానిని చూసి తనే భయపడి పక్కకి తప్పుకునేది. ఈసారి తప్పుకోలేదు. పండు పురుగుని వేళ్ళ మధ్య పట్టి వెలుతురుకి ఎత్తినట్టు దాన్ని ఎత్తి చూసింది. అటూ ఇటూ తిప్పింది. మిరపకాయ నాటి కోపం లోపల మబ్బుగా ఉండేది, దేనికొచ్చిందో తెలిసేది కాదు. ఇది తేటగా ఉంది. అవతలి వైపు గంగులప్ప మొహం స్పష్టంగా కనిపిస్తోంది.

బ్లీచింగు నీళ్ళలో కాళ్ళు కడుక్కుంది. తలుపు తీసింది.

లోపల వాన ఆగిపోయినట్టుంది. మేత మానిన వేలవేల పురుగులు ఒళ్ళు సగం పైకెత్తి, గాలిలో ఏదో వెతుక్కుంటూ మెల్లగా ఊగుతున్నాయి, ఆమె కలలోని గుట్టల్లాగే. కిటికీ వలలోంచి వచ్చే ఎండ వాటి ఒంట్లోంచి దూరి పసుపు రంగై నేల మీద పడుతోంది. ఆ ఊపు నడుమ గంగులప్ప రెండు చేతులనిండా పురుగులతో, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడి ఉన్నాడు.

"మందు మానేసినావా?" అన్నాడు.

"లే. పొద్దున్నే పూసుకున్నా. తొడకి. సేతులు కడిగినా." దగ్గరికి నడిచింది. "ఆ పక్క స్టాండులో ఏల ఎక్కినాయి?"

అతను చంద్రిక కోసం అటు తిరిగాడు.

"నిన్నే. నేను ఆ పక్కకి పోలే. ఆడికి ఎవరు పూసినారు మందు?"

"ఏ పంటలోనైనా కొన్ని తొందర పురుగులు ఉంటాయి లే."

"అది నాకు తెలుసు. నీకు తెలుసునా అని అడగతాండా."

గంగులప్ప చేతిలోని పురుగుల వైపు చూశాడు. "తెలుసు."

"తెలిసీ?"

"బయమేసిందిమే." ఆ మాట అతని నోట్లోంచి పెళుసుగా, వాడని గడియ తీసినట్టు వచ్చింది. "నువ్వు నవ్వతావో కొడతావో తెలీకపాయె. ఇంట్లో నీ ముందర కూసోవాలంటే బయం. ఈడైనా నిమ్మళంగా ఉందామనుకుంటి. ఒక సాకు దొరికె."

ఆమెకి ఏడుపొచ్చింది. రానిచ్చింది. ఏడుస్తూనే మాట్లాడింది.

"నీ నెత్తిన గంప పోసింది తప్పే. అది ఏ కోపమో నాకే తెలీదు. ఇంగా కొన్నాళ్ళు అట్లాంటియి వస్తాయి. వస్తే నేను బయటికి పోయి కొళాయి కింద తల పెట్టుకుంటా, నువ్వు ఏమని అడగొద్దు. మందు ఆపేది లే. ఇప్పుడు వచ్చిన కోపం ఉండాదే, ఇది మందుది కాదు. బాగా సూసుకో. ఇది నువ్వు సంపాదించుకున్నది. ఈ పంట అయినాక కూడా ఉంటాది, నెల్లాళ్ళయినా ఉంటాది."

"ఉండనీ," అన్నాడు.

"మళ్ళా నన్ను ఈడినుంచి బయటికి పొమ్మంటే?"

"అనను."

"ఆ సేతిలోయి ఇటియ్యి. సగం పచ్చియి. ఈ మెడ దగ్గర సూడు, ఇంగా పచ్చగా ఉండాది. దీన్ని ఆకు మింద ఇడ్సు."

స్వర్ణలత ఏమీ ఎరగనట్టు అవతలి స్టాండుకి పోయింది. మునీశ్వరి కొంగు నడుముకి చుట్టి, మొదటి వరుస నుంచి మొదలుపెట్టింది. వేళ్ళు వాటంతటవే పోతున్నాయి: ఇది అయింది, ఇది కాలేదు, ఇది సాయంత్రానికి. కన్నీళ్ళు గడ్డం దాకా జారుతుంటే పురుగుల మీద పడకుండా భుజానికి తుడుచుకుంటోంది. మధ్యలో ఒకసారి ఆవిరి లేచింది. ఏమీ చెప్పకుండా బయటికి పోయి, కొళాయి కింద తల తడుపుకొని, తుడుచుకొని, కాళ్ళు కడుక్కొని లోపలికొచ్చింది. గంగులప్ప నోరు తెరిచి, మూసుకున్నాడు.

"సంద్రిక," అంది ఆమె, చెయ్యి వెనక్కి చాపి.

అతను అందించాడు.