బొజ్జయ్య గడపకు వేపమండ

భద్రాచలం దగ్గర గోదావరి అరవై అడుగులు దాటి పారిన ఏడాది అది. అంతకుముందు గూడెం చెప్పుకునే పెద్ద వరద ఎనభై ఆరులో వచ్చింది. వాగొడ్డు గూడెంలో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు అన్నీ ఆ పెద్ద గోదారి నుంచే లెక్క. సరిగ్గా ఇరవై ఏళ్లకు ఈ రెండోది వచ్చింది. అప్పటి నుంచి ఏ సంగతి చెప్పినా ఏ గోదారి అని అడగాల్సి వస్తోంది.

గోదావరి వాగులోకి ఎదురెక్కింది, వాగు పగిడయ్య పొలంలోకి ఎక్కింది. పక్కన బొజ్జయ్య పొలం ఒక్క మూరెడు ఎత్తు. నీళ్లు ఆ మూరెడు దగ్గర ఆగిపోయాయి. నీళ్లు తీశాక చూస్తే పగిడయ్య వరి మీద జానెడు ఒండ్రు. బొజ్జయ్య వరి మాత్రం తల దువ్వుకున్నట్టు పచ్చగా నిలబడి ఉంది. పగిడయ్య గట్టు మీద నిలబడి తన మడి వైపు ఒకసారి చూశాడు, బొజ్జయ్య మడి వైపు మూడుసార్లు చూశాడు.

బొజ్జయ్య పరాయివాడు కాదు. పగిడయ్య భార్య రామక్కకు సొంత తమ్ముడు. వాళ్ల ఇళ్ల మధ్య దడి కూడా లేదు. బొజ్జయ్య వాకిట్లో ఒక వేపచెట్టు ఉంది. ఎండాకాలం దాని నీడ పొద్దంతా బొజ్జయ్య ఇంటి మీదే ఉంటుంది. సాయంత్రం ఎవరికీ నీడ అక్కర్లేని వేళ పగిడయ్య ఇంటి మీదికి వస్తుంది. ఇది కూడా పగిడయ్య ఎప్పుడో గమనించి పెట్టుకున్నాడు.

వరద పోయాక జ్వరం వచ్చింది. పేపర్లో దానికి చికున్‌గున్యా అని రాశారు. గూడెంలో కీళ్ల జ్వరం అన్నారు. జిల్లాలకు జిల్లాలే పడకేశాయని బస్సు దిగినవాళ్లు చెప్పారు. జ్వరం నాలుగు రోజులుండి పోతుంది, నొప్పులు మాత్రం పోవు. పగిడయ్యకు మణికట్లు రెండూ ఉబ్బాయి. పిడికిలి మూతపడదు. గొడ్డలి పట్టలేడు, కూలికి పోలేడు. రామక్క మంచం మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. ఇంట్లో గింజల గాదె అడుగు కనిపిస్తోంది.

అప్పుడు సర్కారు జ్వరం పడ్డ ఇళ్లకు సాయం ఇస్తానంది. ఇంటికో బియ్యం సంచి, ఒక దుప్పటి. గూడెంలో ఇళ్లు అరవై. జ్వరం తొక్కని ఇల్లు ఒక్కటీ లేదు. వచ్చేవి నలభై సంచులు. ఆ నలభై అనే అంకె ఎవరు ఎక్కడ కూర్చుని రాశారో ఎవరికీ తెలియదు.

పేర్లు రాసుకోవడానికి పంచాయతీ కార్యదర్శి ఒక సాయంత్రం వానలో తడుస్తూ వచ్చాడు. కొత్తగా బదిలీ మీద వచ్చిన మనిషి. గూడెం మాట అతనికి సగమే అర్థమవుతుంది. ఇంటింటికీ వెళ్లి కూర్చునే ఓపిక లేదు. ఎవరో అతనికి చెప్పారు, ఇక్కడ జ్వరం ఉన్న ఇంటి గడపకు వేపమండ కడతారని. ఆ మాట నిజమే. అయితే దానికి ఇంకో సగం ఉంది. జ్వరం దిగి, తలకు నీళ్లు పోసుకున్న రోజున ఆ ఇంటి ఆడమనిషి మండ విప్పి వాగులో వదిలేస్తుంది. నొప్పులు ఉన్నా సరే, జ్వరం దిగిందంటే మండ ఉండకూడదు. ఆ సగం అతనికి ఎవరూ చెప్పలేదు. మండ ఉన్న ఇల్లు రాసుకున్నాడు, లేని ఇల్లు దాటిపోయాడు.

రామక్క పద్ధతి గల మనిషి. సరిగ్గా ముందురోజే నీళ్లు పోసుకుని మండ విప్పేసింది. బొజ్జయ్య ఇంట్లో జ్వరం వారం కిందటే దిగింది. కానీ అతని భార్య సమ్మక్క ఏ పనీ ఆ రోజుకు ఆ రోజు చేసే మనిషి కాదు. ఎండిన మండ గడపకు అట్లాగే వేలాడుతోంది. బొజ్జయ్య పేరు ఎక్కింది.

సంచి వచ్చిన రోజు బొజ్జయ్య దాన్ని భుజాన వేసుకుని పగిడయ్య వాకిలి ముందు నుంచే నడిచాడు. వేరే దారి లేదు మరి. అయినా పగిడయ్యకు అది ఊరేగింపులాగా కనిపించింది.

"ఏం బావా, పిడికిలి ఇయ్యాలన్న మూతవడ్డదా?" అన్నాడు బొజ్జయ్య.

"పడ్డనాడు నీకే చూపిస్త తియ్యి."

"గుద్దుతవా ఏంది?" బొజ్జయ్య నవ్వాడు. "జర ఆగు, సంచి దించి వస్త."

పగిడయ్య నవ్వలేదు. మర్నాడు ఆ దుప్పటి బొజ్జయ్య దండెం మీద ఆరింది. ఎర్ర గళ్ల దుప్పటి. గాలి వస్తే అది పగిడయ్య ఇంటి వైపే ఊగేది. ఆ ఇంట్లో పొయ్యి పొగ లేచినప్పుడల్లా పగిడయ్య తల అటు తిరిగేది. వాళ్ల కోడిపెట్ట గింజలు ఏరుకుంటుంటే అవి ఆ సంచి గింజలేనా అని కళ్లు చిట్లించి చూసేవాడు.

"మనం గూడ మండ కట్టుకుందం," అన్నాడు ఒకరోజు రామక్కతో. "ఎవడన్న మళ్ల రాసుకపోనీకె వస్తడు."

"పోయిన అమ్మోరును మళ్ల పిలుస్తవా?" అంది రామక్క. "జరం లేని గడపకు మండ గడితే జరమే ఒస్తది. ఆ పని నేను చెయ్య. మొగోనివి నువ్వు చేసేది కాదు."

"నీ తమ్ముని ఇంట్ల ఎండిన మండ వారం రోజులుంది. వాళ్లకు ఏ జరమొచ్చింది? సంచి వచ్చింది."

 రామక్క కుండలో గరిటె తిప్పుతూ ఉంది. ఆ పూట కంచంలో అన్నం ఉంది. పగిడయ్య కోపంతోనే తిన్నాడు.

నాలుగు రోజులకు ప్రభాకర్ వచ్చాడు. ప్రభాకర్ మండల కేంద్రంలో ఉంటాడు. మొన్నటి సర్పంచి ఎలక్షన్లలో ఓడినాయనకు కుడిచెయ్యి. గెలిచినాయన పంచినదాంట్లో తప్పు దొరికితే చాలు, అతనికి కడుపు నిండుతుంది. పగిడయ్యను మోటారు సైకిలు మీద ఎక్కించుకుని రోడ్డు మీది హోటలుకు తీసుకుపోయాడు. చాయ్ చెప్పాడు.

"పెద్దాయనా, నీ కీళ్లు జూస్తనే తెలుస్తంది. నీ పేరు ఎట్ల తీసేసిండ్రు?"

"నన్నేం అడుగుతవ్. మండ లేదని."

"మండ గాదు. ఓటు. నువ్వు మాకేసినవ్. మీ బామ్మర్ది వాళ్లకేసిండు."

పగిడయ్యకు ఆ సంగతి అప్పటిదాకా తోచలేదు. అతను, బొజ్జయ్య ఇద్దరూ ఒకే గుర్తుకు వేశారు, ఒకే బండిలో వెళ్లి మరీ. అయినా ఆ మాట బయటికి అనలేదు. ప్రభాకర్ చెప్పింది వినడానికి బాగుంది.

"ఇగ సూడు," అన్నాడు ప్రభాకర్, "సంచులు నలభయ్యే. నలభై ఒకటోది సర్కారు కాడ లేదు. ఒక పేరు పోతెనే ఒక పేరు ఒస్తది. మీ బామ్మర్ది ఇంట్ల జరం లేదని నువ్వొక్క కాయితం ఇయ్యి. ఆ జాగల నీ పేరు నేను పెట్టిస్త."

పగిడయ్య చాయ్ మొత్తం తాగాడు. గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగాలి, వేళ్లు వంగవు.

"మండ గూడ విప్పిండ్రు," అన్నాడు చివరికి. "మొన్ననే. సమ్మక్క వాగుల వదులుతుంటె నేను జూసిన."

అది అతను చూడబట్టే తెలిసింది. ఆ ఇంటి గడప వైపు గూడెంలో అంతగా చూసేవాళ్లు ఇంకెవరూ లేరు.

ప్రభాకర్ కాగితం రాసి ముందు పెట్టాడు. పగిడయ్య బొటనవేలు ఉబ్బి ఉంది. సిరాలో అద్ది నొక్కితే నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మొదటి ముద్ర పడలేదు. రెండోసారి ప్రభాకరే వేలు పట్టుకుని నొక్కించాడు.

"ఎల్లుండి పొద్దున జీపొస్తది," అన్నాడు ప్రభాకర్. "ఇంట్ల మనిషి పడి ఉండాలె, గడపకు మండ ఉండాలె. లేకుంటె సంచి వాపస్. దుప్పటి గూడ."

దుప్పటి కూడా అన్నప్పుడు పగిడయ్యకు లోపల చల్లగా అనిపించింది. బొజ్జయ్య దండెం ఖాళీగా ఉన్నట్టు కనిపించింది.

ఆ మాట రెండు పూటలు కడుపులో దాచుకున్నాడు. జీపు వచ్చే ముందురోజు సాయంత్రం అన్నానికి కూర్చున్నప్పుడు ఆపుకోలేకపోయాడు.

"రేపు నీ తమ్ముని సంచి పోతది. మనకొస్తది."

రామక్క చేతిలో గరిటె ఆగింది. "ఎవరు జెప్పిండ్రు?"

"నేనే కాయితం పెట్టిన."

రామక్క అతని బొటనవేలు చూసింది. ఎన్నిసార్లు కడిగినా నీలం పోలేదు.  తర్వాత లేచి, గోడ పట్టుకుంటూ మూలకు వెళ్లి, చాట కింద దాచిన మూట తెచ్చి అతని ముందు విప్పింది. ఎర్రజీర ఉన్న లావు బియ్యం. అటువంటివి ఆ ఇంట్లో పండినవి కావు.

"పది దినాల నుంచి నీ కంచంల పడేది ఎక్కడిదనుకున్నవయ్యా?" అంది. "మన గాదెల గింజలు దుప్పటి రాకముందే అయిపోయినయ్. సంచి దించిన పూటనే సగం తెచ్చి పోసిండు. బావకు చెప్పకక్కా, చెప్తె తినడు అన్నడు. వాని సంచి వాపస్ అడిగితె ఏం జూపెడతడు? సగం నీ కడుపుల ఉంది."

పగిడయ్య కంచం వైపు చూశాడు. తినగా మిగిలిన నాలుగు ముద్దలు ఉన్నాయి. లేచిపోదామనుకున్నాడు, కానీ లేవలేదు. ఆకలి ఉంది. ఆ నాలుగు ముద్దలు తిన్నాడు. బొజ్జయ్య మీద అంతకుముందు ఉన్న కడుపుమంట తగ్గుతుందేమో అనుకున్నాడు, తగ్గలేదు. పొలం వాడిదే మిగిలింది, సంచి వాడికే వచ్చింది. ఇప్పుడు పెట్టిన చెయ్యి కూడా వాడిదే అయింది. తనకు మిగిలింది ఒక నీలం వేలు.

"ఆ కాయితం తెచ్చుకో పో," అంది రామక్క.

"అది మండలంల ఉంది."

"మరేం జేస్తవ్?"

 అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రేపు జీపు వచ్చి వాళ్ల గడప చూడాలి. మండ లేదు. సంచి పోతుంది, తన ఇంటికి వస్తుంది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. హోటల్లో ఓటు సంగతి దగ్గర మూసుకున్నట్టే.

తెల్లవారింది. రామక్క ఇంకా లేవలేదు. పగిడయ్య కొడవలి తీసుకుని బొజ్జయ్య వాకిట్లోకి నడిచాడు. వేపకొమ్మ అందుతుంది కానీ కొడవలి పట్టు నిలవడం లేదు. రెండు చేతుల మణికట్ల మధ్య పిడి ఇరికించి లాగాడు. మూడుసార్లు జారింది. నాలుగోసారి మండ తెగి మొహం మీద పడింది. దాన్ని పట్టుకుని గడప దగ్గరికి వచ్చాడు. కట్టడానికి నార ఉంది, వేళ్లు లేవు.

బొజ్జయ్య కళ్లు నులుముకుంటూ బయటికి వచ్చాడు.

"ఏంది బావా, మా గడపకాడ ఏం పని?"

"మీ ఇంట్ల జరం పోలే."

"ఎప్పుడో పోయింది గద."

"పోలేదంటున్న. జీపొస్తంది. సమ్మక్కను పండుకోమను. నువ్వు గూడ పండుకో. మూలుగు."

బొజ్జయ్య అతని మొహం చూశాడు, మండ చూశాడు. మండ పట్టుకున్న చేతి బొటనవేలు చూశాడు. పగిడయ్య వేలు లోపలికి ముడవబోయాడు. అది ముడవదు.

"జరం లేని ఇంటికి మండ గడితె ఒస్తదంటరు," అన్నాడు బొజ్జయ్య మెల్లగా.

"ఒస్తె నాకొస్తది. కడుతున్నది నేను."

 బొజ్జయ్య అతని చేతిలోంచి నార తీసుకుని, మండ గడపకు ఆనించి రెండు చుట్లు తిప్పి ముడి వేశాడు. చూసి, ఊడకుండా ఇంకో ముడి వేశాడు. లోపలికి వెళ్లి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

రోడ్డు వైపు నుంచి జీపు చప్పుడు వినబడింది. పగిడయ్య ఇంటికి వచ్చి తన ఖాళీ గడప మీద కూర్చున్నాడు. బొజ్జయ్య వేళ్లు ఎంత సులువుగా వంగాయో, ముడి ఎంత బిగువుగా పడిందో అదే కళ్ల ముందు ఆడుతోంది. జ్వరం ఇద్దరికీ ఒకటే వచ్చింది. వేపచెట్టు కూడా వాడి వాకిట్లోనే ఉంది.